బుట్టెడు టమాటాలతో అర్థశాస్త్రం

2023 జూలై నెల మీకు గుర్తుండే ఉంటుంది. టమాటా కిలో వంద రూపాయలు దాటింది, నూట యాభై దాటింది. నెలాఖరుకు రాయలసీమలోని మదనపల్లె మార్కెట్ యార్డులో మేలురకం కాయ వేలంపాటలోనే కిలో 200 రూపాయల దరిదాపులకు వెళ్లింది. చారులో టమాటా మానేసి చింతపండు మరికాస్త ఎక్కువ పిసికిన ఇళ్లు ఎన్నో. రెండు నెలలు తిరిగాయి. సెప్టెంబరులో అదే టమాటాకు రైతు చేతికి కిలోకు 10 రూపాయలైనా రాలేదు. కర్నూలు ప్రాంతంలో కొందరు రైతులు మార్కెట్టుకు తెచ్చిన కాయను రోడ్డు పక్కన కుమ్మరించి ఖాళీ బాక్సులతో ఇంటిదారి పట్టారు.

నేల అదే, మొక్క అదే, తినే జనమూ వాళ్లే. మరి రెండు నెలల్లో ఇంత తేడా ఎలా వచ్చింది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగితే సూక్ష్మ అర్థశాస్త్రంలో మీ పరీక్షకు కావలసినదాంట్లో ముప్పాతిక భాగం వచ్చేసినట్టే.

సైన్సు మాస్టారికి అర్థశాస్త్రంతో ఏం పని అని మీరు నవ్వుకోవచ్చు. పరీక్షలు దగ్గర పడగానే పిల్లలు లెక్కలు పట్టుకుని వస్తారు, భౌతికశాస్త్రం పట్టుకుని వస్తారు. అర్థశాస్త్రం మాత్రం బట్టీ పడితే చాలనుకుంటారు. నిర్వచనాలు గడగడ అప్పజెబుతారు. ప్రశ్నను కాస్త తిప్పి అడిగితే మాత్రం కలం ఆగిపోతుంది. నిజానికి ఇదీ రాశుల మధ్య సంబంధాలను వెతికే శాస్త్రమే. బాయిల్ నియమాన్ని చదివినట్టు డిమాండు సూత్రాన్ని చదవండి, సగం భయం పోతుంది.

నాలుగు మాటల షరతు

డిమాండు సూత్రం ఏం చెబుతుంది? ఇతర పరిస్థితులు మారకుండా ఉంటే, వస్తువు ధర పెరిగినప్పుడు జనం కొనే పరిమాణం తగ్గుతుంది, ధర తగ్గినప్పుడు పెరుగుతుంది. ఇందులో రెండో భాగాన్ని అందరూ గుర్తుంచుకుంటారు. కాని సూత్రానికి ప్రాణం మొదటి నాలుగు మాటల్లో ఉంది.

1662లో రాబర్ట్ బాయిల్ ప్రకటించిన నియమాన్ని తలచుకోండి. వాయువు మీద పీడనం పెంచితే ఘనపరిమాణం తగ్గుతుంది. ఎప్పుడు? ఉష్ణోగ్రత మారకుండా ఉన్నప్పుడు. మీరు ఒక చేత్తో పీడనం పెంచుతూ రెండో చేత్తో సారాయి దీపం వెలిగిస్తే ఘనపరిమాణం పెరగనూ వచ్చు. అంతమాత్రాన బాయిల్ తప్పు చెప్పాడని ఎవరూ అనరు. షరతు తప్పింది, అంతే. అర్థశాస్త్రంలోనూ ఇదే సంగతి. చిక్కల్లా ఏమిటంటే, ప్రయోగశాలలో ఉష్ణోగ్రతను మనం పట్టి ఉంచగలం గాని, అంగడిలో జనం ఆదాయాన్నీ, అభిరుచులనూ, చింతపండు ధరనూ పట్టి ఉంచలేం. అందుకని వాటిని ఊహలో కదలకుండా ఉంచి, ఒక్క ధరను మాత్రమే కదిపి చూస్తారు.

మనమూ ఒక చిన్న సంతను ఊహించుకుందాం. టమాటా కిలో 10 రూపాయలైతే ఆ సంతలో జనం 100 కిలోలు కొంటారు. 20 అయితే 80 కిలోలు, 30 అయితే 60, 40 అయితే 40. ఇది డిమాండు పట్టిక. అమ్మేవాళ్ల సంగతి దీనికి తలకిందులు. 10 రూపాయలకు 20 కిలోలే తెస్తారు. 20కి 40 కిలోలు, 30కి 60, 40కి 80. ఇది సప్లయి పట్టిక. రెండు పట్టికలూ ఒకచోట కలిశాయి, చూశారా? 30 రూపాయల దగ్గర కొనేదీ 60 కిలోలే, అమ్మేదీ 60 కిలోలే. అదే సమతౌల్య ధర.

ధర అక్కడే ఎందుకు నిలవాలి? 40 చెప్పారనుకోండి. 80 కిలోలు సంతకు వస్తాయి, 40 కిలోలే అమ్ముడుపోతాయి. పొద్దుగూకేసరికి మిగిలిన కాయ మెత్తబడుతుందని అమ్మేవాళ్లే ధర దించుతారు. 20 చెప్పారనుకోండి. 80 కిలోలు కావాలి, ఉన్నవి 40. నాకు కావాలంటే నాకు కావాలని కొనేవాళ్లే ధర ఎక్కిస్తారు. గిన్నెలో వదిలిన గోళీ ఏ అంచు నుంచి జారినా చివరికి అడుక్కే చేరుతుంది. దాన్ని మనం స్థిర సమతాస్థితి అంటాం. ఇదీ అలాంటిదే.

ఇక్కడ గ్రాఫు గురించి ఒక మాట. సైన్సు చదివే పిల్లలు తప్పకుండా తికమక పడే చోటు ఇది. కారణమైన రాశిని అడ్డగీత మీద, ఫలితాన్ని నిలువుగీత మీద గుర్తించమని మేం చెబుతాం. అర్థశాస్త్రంలో ధరను నిలువుగీత మీద గుర్తిస్తారు. 1890లో ఆల్‌ఫ్రెడ్ మార్షల్ తన గ్రంథంలో అలాగే గీశాడు. అదే ఆనవాయితీ అయిపోయింది. అంతకు ముందు, 1838లో, ఫ్రాన్సు దేశపు గణితవేత్త కూర్నో డిమాండు రేఖ గీసినప్పుడు ధరను అడ్డగీత మీదనే పెట్టాడు. 1870లో బ్రిటనులో డిమాండు రేఖనూ సప్లయి రేఖనూ కలిపి గీసి చూపించిన ఫ్లీమింగ్ జెన్‌కిన్ ఎవరనుకున్నారు? సముద్రం అడుగున తంతితీగలు వేసిన ఇంజనీరు! కాబట్టి ఈ బొమ్మ మీద మా సైన్సు వాళ్లకూ కొంత హక్కుంది. అయినా పరీక్షలో మాత్రం ధరను నిలువుగీత మీదనే పెట్టండి.

రేఖ మీద నడక, రేఖే జరగడం

ఇప్పుడు అసలు చిక్కుముడి. ఈ కింది వాదన చదవండి. "టమాటా ధర పెరిగింది. ధర పెరిగితే డిమాండు తగ్గుతుంది. డిమాండు తగ్గితే ధర తగ్గుతుంది. కాబట్టి పెరిగిన ధర తనంతట తానే మొదటికి వచ్చేస్తుంది." వినడానికి చక్కగానే ఉంది. కాని ఇది నిజమైతే లోకంలో ఏ ధరా పెరగకూడదు. తప్పు ఎక్కడ జరిగింది?

"డిమాండు" అన్న ఒకే మాటను రెండు అర్థాల్లో వాడడంలో జరిగింది. ధర మారినందువల్ల కొనే పరిమాణం మారితే, మనం అదే రేఖ మీద ఒక బిందువు నుంచి ఇంకో బిందువుకు నడిచామన్నమాట. పాఠ్యపుస్తకాల్లో దీన్ని డిమాండు విస్తరణ, డిమాండు సంకోచం అంటారు. ధర కాక మరొకటి మారితే - పెళ్లిళ్ల రోజులు వచ్చాయి, కూలి పెరిగింది, చింతపండు ప్రియమయింది - రేఖకు రేఖే పక్కకు జరుగుతుంది. అదీ డిమాండు పెరుగుదల, తగ్గుదల. పై వాదనలో రెండో వాక్యం రేఖ మీది నడక గురించి, మూడో వాక్యం రేఖ జరగడం గురించి చెబుతున్నాయి. రెంటినీ ఒకే తాడుతో కట్టేశారు.

మన సంతలోనే రెండు ప్రయోగాలు చేద్దాం. మొదటిది: పెళ్లిళ్ల రోజులు. ప్రతి ధర దగ్గరా జనం మునుపటికన్నా 20 కిలోలు ఎక్కువ కోరుతున్నారు. లెక్క వేసి చూడండి. కొత్త సమతౌల్య ధర 35 రూపాయలు, అమ్ముడుపోయేది 70 కిలోలు. రెండోది: పెళ్లిళ్లు లేవు, కాని వానలకు తోటలు దెబ్బతిన్నాయి. ప్రతి ధర దగ్గరా 20 కిలోలు తక్కువగా వస్తున్నాయి. మళ్లీ లెక్క వేయండి. ధర ఇప్పుడూ 35 రూపాయలే! కాని అమ్ముడుపోయేది 50 కిలోలు.

ధర ఒక్కదాన్నే చూసినవాడికి ఈ రెండు రోజులూ ఒకేలా కనిపిస్తాయి. మొదటి రోజు అమ్మేవాళ్లంతా సంతోషంగా ఇళ్లకు పోయారు. రెండో రోజు కొందరికి అసలు అమ్మడానికి కాయే లేదు. ధర ఎందుకు పెరిగిందని ప్రశ్న వస్తే పరిమాణం కూడా పెరిగిందా తగ్గిందా అని ముందు చూడండి. రెండూ పెరిగితే కదిలింది డిమాండు రేఖ. ధర పెరిగి పరిమాణం తగ్గితే కదిలింది సప్లయి రేఖ. 2023 జూలైలో జనానికి ఉన్నట్టుండి టమాటా మీద మోజు పుట్టలేదు. యార్డులకు వచ్చే కాయే తగ్గింది. వానలు, తెగుళ్లు కొంత కారణం. అంతకు ముందు ధర లేక చాలామంది రైతులు టమాటా జోలికి పోకపోవడం మరో కారణం.

సగం పంటకు రెండున్నర రెట్ల డబ్బు

సప్లయి రేఖ జరిగింది సరే. కాని ధర అంత ఎత్తుకు ఎగరడం ఎందుకు? యాపిల్ పళ్లు తగ్గితే ఇంత గగ్గోలు ఉండదే? ఇక్కడే డిమాండు వ్యాకోచత్వం అవసరం పడుతుంది. ధర నూటికి ఎంత మారితే కొనే పరిమాణం నూటికి ఎంత మారింది అన్న నిష్పత్తే అది. మన సంతలో ధర 20 నుంచి 30కి పోయినప్పుడు నూటికి 50 వంతులు పెరిగింది. పరిమాణం 80 నుంచి 60కి దిగింది, అంటే నూటికి 25 వంతులు. 25ను 50తో భాగిస్తే సగం. ఒకటి కంటే తక్కువ కనుక ఇది అవ్యాకోచ డిమాండు. కూరలో వేసే సరుకును జనం అంత తేలిగ్గా వదులుకోరన్నమాట.

భాగహారం ఇష్టం లేనివాళ్లకు మార్షల్ చెప్పిన మొత్తం వ్యయ పద్ధతి ఉంది. ధరను పరిమాణంతో గుణించండి. 10 రూపాయల దగ్గర జనం ఖర్చు పెట్టేది 1000, 20 దగ్గర 1600, 30 దగ్గర 1800, 40 దగ్గర మళ్లీ 1600. ధర పెరిగినప్పుడు మొత్తం వ్యయమూ పెరిగితే డిమాండు అవ్యాకోచం. తగ్గితే వ్యాకోచం. ఒక విచిత్రం గమనించారా? ఇది సరళరేఖ. ఎక్కడ చూసినా 10 రూపాయలకు 20 కిలోల చొప్పునే మారుతోంది. అయినా కింది భాగంలో అవ్యాకోచం, పై భాగంలో వ్యాకోచం! రేఖ వాలు వేరు, వ్యాకోచత్వం వేరు. ఈ రెంటినీ ఒకటే అని రాసి మార్కులు పోగొట్టుకునేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు.

ఈ సంగతి చాలా పాతది. ఇంగ్లండులో 1699లో చార్లెస్ డావెనెంట్ ధాన్యం గురించి ఒక లెక్క అచ్చువేశాడు. గ్రెగరీ కింగ్ అనే గణకుడి అంచనాలు దీనికి ఆధారమని చెబుతారు. పంట పదో వంతు తగ్గితే ధర పదింట మూడు వంతులు పెరుగుతుంది. పంట రెండు వంతులు తగ్గితే ధర ఎనిమిది వంతులు, మూడు తగ్గితే పదహారు, నాలుగు తగ్గితే ఇరవై ఎనిమిది, అయిదు తగ్గితే నలభై అయిదు వంతులు పెరుగుతుంది. మనం దీన్ని ఇంకొంచెం సాగదీద్దాం. మామూలు ఏడు పంట 10 బస్తాలు, బస్తా ధర 10 అనుకోండి. రాబడి 100. పంట సగమైతే 5 బస్తాలు, ధర 55. రాబడి 275!

పంట సగానికి పడితే డబ్బు రెండున్నర రెట్లకు పైగా పెరిగిందన్నమాట. ఇది కాగితం మీది వింత కాదు, దీన్ని తిరగేసి చూడండి. వానలు కురిసి, తెగులు రాక, అందరికీ పంట విరగకాసిన ఏడు రైతులందరికీ కలిపి వచ్చే డబ్బు తగ్గిపోతుంది. ఒక్క రైతుకు మాత్రమే బాగా పండితే అతను బాగుపడతాడు. ఊరంతా పండితే ఎవరూ బాగుపడరు. ఇంకో సంగతీ మరవకండి. 275 అన్నది అందరి మొత్తం. వానకు తోటే పోయినవాడికి 200 రూపాయల ధర వల్ల ఒరిగేది సున్న.

మరి తెచ్చిన కాయను పారబోయడమెందుకు? ఇది పిచ్చి పని కాదు, లెక్క ప్రకారమే జరుగుతుంది. నారుకు, ఎరువుకు, కర్రలకు, మందులకు పెట్టిన డబ్బు ఎలాగూ వెళ్లిపోయింది. కాయ కోసినా తిరిగి రాదు, కోయకపోయినా రాదు. ఇప్పుడు రైతు చూసుకోవలసింది ఇకముందు పెట్టబోయే ఖర్చును మాత్రమే. ఒక బాక్సు కోత కూలి 30, బండి కిరాయి 40, మార్కెట్టు ఖర్చులు 10, మొత్తం 80 రూపాయలు అనుకుందాం. యార్డులో బాక్సు 60కి పోతుంటే, కోసిన ప్రతి బాక్సుకూ 20 రూపాయలు చేతినుంచి పడుతుంది. అప్పుడు కాయను చెట్టున వదిలేయడమే తక్కువ నష్టం. ధర సగటు చర వ్యయం కంటే తగ్గితే ఉత్పత్తి ఆపేయాలి అని మీ పుస్తకంలో ఒక పొడి వాక్యం ఉంటుంది. ఆ వాక్యానికి అర్థం ఇదే. యార్డుకు వచ్చాక ధర సంగతి తెలిసినవాడికి తిరుగు కిరాయి కూడా దండగే. అందుకే రోడ్డు పక్కన ఆ కుప్పలు.

ఇక్కడే అవకాశ వ్యయాన్ని కూడా చూసుకోండి. ఎకరం నేలలో టమాటా వేస్తే 60 వేలు మిగులుతుందని రైతు అంచనా. వేరుశనగ వేస్తే 35 వేలు, కౌలుకిస్తే 15 వేలు. టమాటా వేయడానికి అవకాశ వ్యయం ఎంత? చాలామంది 35కు 15 కలిపి 50 వేలు అని రాస్తారు. ఒకే నేలలో వేరుశనగ వేస్తూ కౌలుకూ ఇవ్వలేం కదా! వదులుకున్నవాటిలో మేలైన ఒక్కదాని విలువ, అంటే 35 వేలు మాత్రమే.

జూలైలో 200 రూపాయల ధర చూసి ఎంతమంది టమాటా నాటి ఉంటారో ఊహించండి. నారు నాటాక తొలి కోతకు రెండు నెలలకు పైగా పడుతుంది. జూన్‌లో ధర ఎక్కుతుండగానే నాటినవాళ్ల కాయ, వాళ్ల పక్కింటివాళ్ల కాయ, పక్క జిల్లావాళ్ల కాయ అంతా దాదాపు ఒకేసారి యార్డుకు వస్తుంది. ధర పడుతుంది. పడిన ధర చూసి తరువాతి పంటకు అందరూ ఒకేసారి మానుకుంటారు. ధర మళ్లీ ఎగురుతుంది. గ్రాఫు మీద గీస్తే ఈ తిరుగుడు సాలెగూడులా ఉంటుంది. 1934లో నికొలస్ కాల్డోర్ దీనికి ఆ పేరే పెట్టాడు. మీ సిలబస్‌లో ఇది ఉండకపోవచ్చు. అయినా టమాటా రైతు కష్టాన్ని ఇంత సూటిగా చూపే బొమ్మ ఇంకొకటి నాకు తెలియదు.

క్యూ ఎందుకు ఏర్పడుతుంది?

2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టమాటాను కొని రైతు బజార్లలో కిలో 50 రూపాయలకు అమ్మింది. 1999లో మొదలైన ఈ బజార్ల ముందు ఆ రోజుల్లో బారులు తీరి నిలబడ్డారు. మన సంతలో ధరను 20 దగ్గర కట్టేస్తే ఏమవుతుందో ఇందాకటి పట్టికే చెబుతుంది. కోరేది 80 కిలోలు, వచ్చేది 40. మిగతా 40 కిలోల కోరిక ఎక్కడికీ పోదు, క్యూగా మారుతుంది. మనిషికి ఒక కిలో అనే నియమం వస్తుంది, లేదా దొడ్డిదారి అమ్మకం వస్తుంది. ప్రభుత్వం తానే ఎక్కువకు కొని తక్కువకు అమ్మితే మధ్యలో తేడాను ఖజానా భరించాలి. ఆ పని మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. పేదింటి కూరలో టమాటా పడిందన్నది నిజం. పరీక్షలో మాత్రం సమతౌల్య ధర కన్నా తక్కువ ధర కట్టడితో కొరత ఎందుకు వస్తుందో బొమ్మ గీసి చూపాలి.

ఇక ఉపాంత ప్రయోజనం. ఎండన పడి వచ్చినవాడికి మొదటి గ్లాసు మజ్జిగ ఇచ్చే తృప్తి 10 అనుకుంటే, రెండోది 7, మూడోది 4, నాలుగోది 0. అయిదోది బలవంతాన తాగిస్తే వికారం, మైనస్ 3. మొత్తం ప్రయోజనం వరుసగా 10, 17, 21, 21, 18. ఉపాంతం సున్న అయినచోట మొత్తం గరిష్ఠం. పైకి విసిరిన బంతి వేగం సున్న అయినచోటే కదా దాని ఎత్తు గరిష్ఠం! 1776లో ఆడమ్ స్మిత్ అడిగిన చిక్కు ప్రశ్న, ప్రాణాధారమైన నీరు చవకగా, వజ్రం ఖరీదుగా ఎందుకున్నాయన్నది, దీనితోనే విడిపోయింది. ధరను నిర్ణయించేది మొత్తం నీటి ప్రయోజనం కాదు, చివరి చెంబు నీటి ప్రయోజనం. 1871లో ఇంగ్లండులో జెవన్స్, ఆస్ట్రియాలో మెంగర్ ఎవరికి వారుగా ఈ మాట చెప్పారు.

పరిపూర్ణ పోటీ లక్షణాల్లో "మార్కెట్టు గురించి సంపూర్ణ జ్ఞానం" అని ఒకటి ఉంటుంది. పిల్లలు దీన్ని చివర్లో, చోటుంటే రాస్తారు. దాని విలువ తెలియాలంటే 1997 జనవరి 14న ఉత్తర కేరళ తీరానికి వెళ్లాలి. ఆ ఉదయం వడకర రేవులో 11 మంది జాలర్లకు కొనేవాళ్లే దొరకలేదు. సార్డీన్ చేపలు, మన కోస్తాలో కవళ్లు అంటారు, పారబోసుకోవలసి వచ్చింది. సరిగ్గా అదే వేళకు 15 కిలోమీటర్ల లోపలే 27 మంది కొనుగోలుదార్లు చేపలు దొరక్క వట్టిచేతులతో వెళ్లిపోబోతున్నారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు, అంతే. ఆ సంవత్సరం నుంచి 2001 వరకు ఆ తీరంలో సెల్‌ఫోన్లు ఒక్కో ప్రాంతానికే వచ్చాయి. జాలర్లు సముద్రం మీద నుంచే ధర కనుక్కుని రేవు ఎంచుకోసాగారు. రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త 2007లో ప్రచురించిన పరిశోధన ప్రకారం చేపలు పారబోయడం దాదాపు ఆగిపోయింది. జాలర్ల లాభం సగటున నూటికి 8 వంతులు పెరిగింది, కొనేవాళ్లకు ధర నూటికి 4 వంతులు తగ్గింది. ఇద్దరికీ లాభమే! ఆ లాభం అంతకుముందు సముద్రంలో పారబోసిన చేపల్లోంచి వచ్చింది.

పుస్తకం మూసేముందు ఈ మూడింటికీ కాగితం మీద బొమ్మ గీయండి. టమాటా ధర పెరిగిన నెలలో చింతపండు డిమాండు రేఖ ఎటు జరుగుతుంది? టమాటా సాస్ తయారుచేసేవాడి సప్లయి రేఖ ఎటు జరుగుతుంది? మూడోది కొంచెం కష్టం. ఒకే నెలలో వానలకు తోటలు పోయాయి, పెళ్లిళ్లూ ముమ్మరంగా ఉన్నాయి. ధర పెరుగుతుందని కచ్చితంగా చెప్పగలం. అమ్ముడుపోయే పరిమాణం పెరుగుతుందా, తగ్గుతుందా? ఏ రేఖ ఎంత జరిగిందో తెలియకుండా చెప్పలేం. పరీక్షలోనూ ఆ ముక్కే రాయండి, పూర్తి మార్కులు వస్తాయి.